మడమ నొప్పి, మడమ సూది: మనం తెలుసుకోవలసిన సంగతులు

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘ నాయకురాలు చేసిన ప్రసంగం)



ఈ ఏడాది పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి వాయిదాలు ఎంతవరకు కట్టాం అన్న లెక్కలు కార్యదర్శి గారు చదివారు. నన్ను ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. బి.పి., షుగరు, రక్తం తక్కువ, వీటి గురించి ఆశా అక్కలు మనకు చెప్తూనే ఉంటారు. ఎవరూ చెప్పని నొప్పి ఒకటుంది. అది మడమ నొప్పి. నేను దాని గురించే మాట్లాడతాను.

మా సంఘంలో మినిట్స్ పుస్తకం నేనే రాస్తాను. ఎవరైనా అప్పు అడిగితే ఎందుకు అన్నచోట ‘వైద్యం’ అని రాస్తాం. ఏం వైద్యం అక్కా అని అడిగితే, ‘మడమకి సూదులు’ అన్న జవాబు ఒకటికి రెండుసార్లు వచ్చింది. మడమ నొప్పితో ప్రాణం పోదు కాబట్టి దాన్ని ఎవరూ జబ్బు కింద లెక్కేయరు. కానీ కాలు మోపలేకపోతే కూలికి పోలేం. కూలి లేకపోతే వాయిదా లేదు. ఒకరి వాయిదా ఆగితే పది మందికీ ఇబ్బంది. అందుకని ఇది సంఘం సంగతే.

నేను డాక్టర్ని కాదు. పదో తరగతి చదివినదాన్ని. మా సంఘం వాళ్లకి తోడుగా ఏరియా ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఎముకల డాక్టరమ్మ గారు చెప్పినవి రాసుకున్నాను. ఫిజియోథెరపీ అమ్మాయి చేయించినవి చూసి నేర్చుకున్నాను. అవే మీకు చెప్తాను.

ఈ నొప్పి ఏమిటి?

పొద్దున్నే చాప మీద నుంచి లేచి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టు ఉంటుంది. గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తే కాస్త సర్దుకుంటుంది. కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ అదే పోటు. సాయంత్రానికి కాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. పెద్దవాళ్లు దీన్ని మడమ శూల అంటారు. డాక్టర్లు ప్లాంటార్ ఫేషియైటిస్ అని రాస్తారు.

మన అరికాలి కింద, మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా ఒక మందమైన పట్టీ ఉంటుంది. నులక మంచానికి నులక ఎలాగో, మన పాదం వంపుకి ఆ పట్టీ అలాగ. రోజంతా మన బరువు దాని మీద పడుతుంది. అదేపనిగా లాగి లాగి, మడమ దగ్గర అది అతుక్కున్న చోట దెబ్బ తింటుంది. రాత్రి పడుకున్నప్పుడు బిగుసుకుంటుంది. పొద్దున్నే ఒక్కసారి బరువు పడేసరికి మళ్లీ లాగుతుంది. అందుకే మొదటి అడుగు అంత నొప్పి.

ఎవరికి ఎక్కువగా వస్తుందంటే, నలభై నుంచి అరవై ఏళ్ల మధ్యవాళ్లకి, గట్టి నేల మీద గంటలకొద్దీ నిలబడేవాళ్లకి, ఒళ్లు బరువు పెరిగినవాళ్లకి, పిక్కలు బిగుసుకుపోయినవాళ్లకి, అరిగిపోయిన చెప్పులు వేసుకునేవాళ్లకి. ఇప్పుడు మన పనులు చూసుకోండి. పత్తి తీతలో, మిరప కోతలో పొద్దుట నుంచి సాయంత్రం దాకా కాళ్ల మీదే. బడిలో భోజనం వండే వాళ్లు సిమెంటు నేల మీద. ఇంట్లో అందరం బండల మీద ఉత్త కాళ్లతో.

ఇంకొక మాట. ఎక్స్‌రే తీసి ‘ఎముక పెరిగింది, ఆపరేషన్ చేసి గీకెయ్యాలి’ అని ఎవరైనా భయపెడితే వెంటనే ఒప్పుకోవద్దు. ఎముక ముల్లులాగా పెరిగినా నొప్పి లేనివాళ్లు చాలామంది ఉంటారు. ముల్లు లేకుండా నొప్పి ఉన్నవాళ్లూ ఉంటారు. చాలామందిలో నొప్పి ఆ ముల్లుది కాదు, పట్టీది. ఆపరేషన్ దాకా వెళ్లేది ఏ కొద్దిమందో.

మొదట చేయవలసింది సూది కాదు

డాక్టరమ్మ గారు మొదట చెప్పిన మాట ఇది: పది మందిలో ఎనిమిది తొమ్మిది మందికి సూది లేకుండానే తగ్గుతుంది. కానీ వారంలో తగ్గదు. నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది కూడా. చిక్కు ఇక్కడే. మనకి రేపటికి తగ్గాలి, ఎల్లుండి కూలికి పోవాలి. అందుకే సూది అంటే పరుగెడతాం.

మా సంఘంలో పత్తి తీతకు పోయే చెల్లికి ఒక్క సూది కూడా లేకుండా ఐదు నెలల్లో తగ్గింది. ఆమె చేసినవి ఇవి.

మొదటిది, చాప మీద నుంచి లేవకముందే చేసేది. కూర్చుని, నొప్పి ఉన్న కాలిని రెండో తొడ మీద పెట్టుకోవాలి. ఒక చేత్తో కాలి వేళ్లు పట్టుకుని మోకాలి వైపు వెనక్కి లాగాలి. రెండో చేతి బొటనవేలితో అరికాలు తడిమితే పట్టీ తాడులాగా బిగిసినట్టు తెలుస్తుంది. పది అంకెలు లెక్కపెట్టేదాకా ఉంచి వదలాలి. అలా పదిసార్లు. రోజుకి మూడు పూటలా చేయాలి. కానీ పొద్దుటిది మాత్రం మొదటి అడుగు వేయకముందే చేయాలి.

రెండోది పిక్కలకి. గోడకి రెండు చేతులూ ఆనించి, నొప్పి కాలు వెనక్కి పెట్టి, మోకాలు వంచకుండా, మడమ నేల మీద నుంచి లేవకుండా ముందుకు వంగాలి. ముప్పై అంకెలు. మూడుసార్లు.

మూడోది, నొప్పి కొంచెం లొంగాక. పాత తువ్వాలు చుట్టచుట్టి మెట్టు అంచున పెట్టి, దాని మీద కాలి వేళ్లు ఉంచి, మడమ గాల్లో ఉండేట్టు నిలబడాలి. గోడ పట్టుకుని మెల్లగా మూడు అంకెల్లో మడమ పైకి లేపి, రెండు అంకెలు ఆగి, మూడు అంకెల్లో దించాలి. పన్నెండుసార్లతో మొదలుపెట్టాలి. రోజూ కాదు, రోజు విడిచి రోజు. ముందు రెండు కాళ్లతో, తర్వాత నొప్పి కాలితో. దీనివల్ల పట్టీకి బలం వస్తుంది. ఫలితం తెలియటానికి మూడు నెలలు పట్టొచ్చు. మధ్యలో మానితే లాభం లేదు.

ఇక చెప్పులు. ‘ఇంట్లో చెప్పులేంటి, దేవుడి గది ఉంది’ అని మా అత్తగారే అన్నారు. బయట చెప్పులు వద్దు. ఇంట్లోకి వేరే జత పెట్టుకోండి, దేవుడి గది ముందు విప్పండి. ఎం.సి.ఆర్. చెప్పులని అడిగితే ఇస్తారు, అడుగు మెత్తగా ఉంటుంది. మడమ వైపు కాగితంలా అరిగిపోయిన హవాయి చెప్పులు మాత్రం పారేయండి.

ఐసు నీళ్ల సీసాని గుడ్డలో చుట్టి అరికాలి కింద పది నిమిషాలు దొర్లిస్తే ఉపశమనం ఉంటుంది. మన ఊళ్లలో ఇటుక కాల్చి, జిల్లేడు ఆకు పరిచి మడమ ఆనించటం ఉంది. షుగరు ఉండి అరికాళ్లకి స్పర్శ తగ్గినవాళ్లు దాని జోలికి పోవద్దు. కాలింది కూడా తెలియదు, పుండు పడితే పాదానికే ముప్పు. వాళ్లకి ఐసు సీసా కూడా వద్దు.

సూది ఏం చేస్తుంది, ఏం చేయదు

మూడు నాలుగు నెలలు ఇవన్నీ మనసు పెట్టి చేసినా తగ్గకపోతే, నొప్పితో పనే ఆగిపోతుంటే, అప్పుడు డాక్టరు గారు సూది సంగతి ఆలోచిస్తారు. సూది చెడ్డది కాదు. దాని పని ఎంతో తెలిసి వేయించుకోవాలి.

మడమలో వేసేది ఎక్కువగా స్టెరాయిడ్ మందు. దాంతోపాటు తిమ్మిరి మందు కలుపుతారు. తిమ్మిరి మందు కొన్ని గంటలే పని చేస్తుంది. అందుకే వేయించుకున్న పూట కాలు తేలిగ్గా అనిపిస్తుంది. అది దిగిపోయాక ఒకటి రెండు రోజులు నొప్పి ముందుకంటే ఎక్కువ కూడా కావచ్చు, భయపడనక్కర్లేదు. స్టెరాయిడ్ ఫలితం తర్వాత కొద్ది రోజుల్లో తెలుస్తుంది.

ఆ ఫలితం ఎన్నాళ్లు? డాక్టరమ్మ గారు ఒక పరిశోధన గురించి చెప్పారు. 2012లో వెలువడిన ఆ పరిశోధనలో ఆస్ట్రేలియాలో 82 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి స్టెరాయిడ్ సూది, ఇంకో జట్టుకి ఉత్త ఉప్పునీటి సూది వేశారు. నాలుగు వారాలకి చూస్తే స్టెరాయిడ్ వాళ్లకి నొప్పి ఎక్కువ తగ్గింది. ఎనిమిది వారాలకి, పన్నెండు వారాలకి చూస్తే నొప్పిలో రెండు జట్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే సూది మనకి ఇచ్చేది సుమారు ఒక నెల.

అక్కలూ, ఇది మనకి బాగా అర్థమయ్యే లెక్కే. సూది ఒక అప్పు లాంటిది. అప్పు తెచ్చి గేదెను కొన్నవాళ్లు పాలు అమ్మి తీర్చుకుంటారు. అప్పు తెచ్చి ఖర్చు పెట్టుకున్నవాళ్లకి వాయిదా నాటికి చేతిలో ఏమీ ఉండదు. సూది ఇచ్చిన నెల రోజుల్లో వ్యాయామం చేసి, చెప్పులు మార్చి పట్టీకి బలం తెచ్చుకుంటే అది పెట్టుబడి. నొప్పి లేదు కదా అని మర్నాడే బరువులు మోస్తే అది ఖర్చు. ఇల్లు అలకగానే పండగ కాదు, నొప్పి తగ్గగానే జబ్బు పోయినట్టూ కాదు.

మా సంఘంలో ఇద్దరి సంగతి చెప్తాను. ఇద్దరూ చెప్పమన్నాకే చెప్తున్నాను.

ఒకరు బడిలో భోజనం వండే వదిన. ఆమెకి షుగరు ఉంది. నాలుగు నెలలు వ్యాయామం చేసినా పొయ్యి దగ్గర నిలబడలేకపోయింది. డాక్టరమ్మ గారు ముందు షుగరు పరీక్షలు చేయించారు. అదుపులో ఉందని చూశాకే దసరా సెలవుల్లో సూది వేశారు. స్టెరాయిడ్ వల్ల కొన్ని రోజులు షుగరు పెరుగుతుందని, ఒక్కోసారి వారం పైన కూడా ఉండొచ్చని ముందే చెప్పారు. వదిన రోజూ మన ఊరి ఆరోగ్య కేంద్రంలో చూపించుకుంది. పెరిగింది, మళ్లీ దిగింది. సెలవులన్నాళ్లూ కాలికి పని తగ్గించింది. నొప్పి లొంగగానే మెట్టు వ్యాయామం పట్టుకుంది. రెండో సూది అవసరం రాలేదు. ఇప్పుడు వంటగదిలో మెత్తటి పట్టా వేసుకుని నిలబడుతోంది.

ఇంకొకరు మాకు అక్క వరస. అప్పుడు మిరప కోతల కాలం. ఒక్క రోజు మానినా ముఠాలో చోటు పోయిద్ది. పక్క ఊళ్లో ఒకాయన మడమలో సూది వేస్తాడని విని వెళ్లింది. మందు పేరు లేదు, చీటీ లేదు. మర్నాడే కోతకి పోయింది. మూడు వారాలకి నొప్పి తిరిగొచ్చింది, మళ్లీ సూది. రెండున్నర నెలల్లో మూడు పడ్డాయి. మూడోది వేసిన పది రోజులకి కాయల గోతం పట్టబోతే అరికాల్లో టప్పుమని చప్పుడైంది. పాదం వాచి కమిలిపోయింది. ఏరియా ఆసుపత్రిలో స్కాన్ చూసి పట్టీ తెగిందన్నారు. వారాల తరబడి కాలు మోపలేదు. మిగతా సీజన్ కూలి అంతా పోయింది.

సూదుల వల్లే తెగిందని డాక్టరమ్మ గారు కచ్చితంగా అనలేదు. సూదులు దగ్గర దగ్గరగా వేసినా, వేసిన వెంటనే బరువు మోసినా తెగే ప్రమాదం పెరుగుతుందని మాత్రం చెప్పారు. ఇంకో నష్టం కూడా ఉంది. మన మడమ కింద దేవుడిచ్చిన మెత్త ఉంటుంది. స్టెరాయిడ్ ఎక్కువైతే ఆ కొవ్వు మెత్త కరిగి పలచబడుతుంది. అప్పుడు ఎముక నేలకి తగిలినట్టే ఉంటుంది. అది మళ్లీ పెరగటం కష్టం. సూది వేసిన చోట చర్మం తెల్లబడొచ్చు. శుభ్రత లేకపోతే చీము పట్టొచ్చు. అందుకే ఒకే చోట ఏడాదికి రెండు, మహా అయితే మూడుకి మించి వేయరు. అదీ నెలల ఎడంతో.

ఇక ఊళ్లో తుంటికి వేసే సూది. దాంతో ఒళ్లంతా హాయిగా ఉండి మడమ నొప్పి కూడా రెండు రోజులు తెలియదు. అది మడమకి వైద్యం కాదు. అందులోనూ చాలాసార్లు నొప్పి మందు, స్టెరాయిడ్ ఉంటాయి. వారం వారం వేయించుకుంటే షుగరు, బి.పి. పెరుగుతాయి, ఎముకలు గుల్లవుతాయి. నొప్పి మాత్రలు నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీలకి చేటు.

పట్నంలో కొన్నిచోట్ల మన రక్తమే తీసి, యంత్రంలో తిప్పి, అందులో ఒక భాగాన్ని మడమలో వేస్తారు. పి.ఆర్.పి. అంటారు. స్టెరాయిడ్ కంటే నిదానంగా పని చేసినా కొందరికి ఎక్కువ కాలం నిలుస్తుందని కొన్ని పరిశోధనల్లో తేలింది. అందరికీ పని చేస్తుందన్న హామీ లేదు, ఖర్చు ఎక్కువ. దీని కోసం అప్పు చేసే ముందు వ్యాయామం, చెప్పులు పూర్తిగా ప్రయత్నించామా అని మనల్ని మనం అడుగుదాం.

వేయించుకునే ముందు అడగండి

అడిగితే డాక్టరు గారు ఏమనుకుంటారో అని మొహమాటపడతాం. బ్యాంకు మేనేజరు గారిని వడ్డీ ఎంత అని అడుగుతున్నాం కదా, ఇదీ అంతే. ఐదు ప్రశ్నలు గుర్తుపెట్టుకోండి.

ఒకటి, ఇది పట్టీ నొప్పేనా, వేరే ఏదైనా కావచ్చా?
రెండు, ఏ మందు వేస్తున్నారు? పేరు, తేదీ చీటీ మీద రాసివ్వండి.
మూడు, ఇంకో సూది అవసరమైతే ఎన్నాళ్ల ఎడం ఉండాలి?
నాలుగు, నాకు షుగరు ఉంది, లేదా రక్తం పలచబడే మందు వాడుతున్నాను, లేదా కాలికి పుండు ఉంది, లేదా గర్భంతో ఉన్నాను. వేయొచ్చా?
ఐదు, తర్వాత ఎన్ని రోజులు బరువు పని మానాలి, వ్యాయామం ఎప్పుడు మొదలుపెట్టాలి?

వీటికి జవాబు చెప్పని చోట కాలు చాపవద్దు.

మడమ నొప్పి అంతా పట్టీ నొప్పి కాదని కూడా గుర్తుంచుకోండి. పడుకున్నా రాత్రంతా నొప్పి ఉన్నా, మడమ ఎర్రగా వాచి జ్వరం వచ్చినా, తిమ్మిర్లు, మంటలు ఉన్నా, పొద్దున్నే చేతివేళ్లు, నడుము కూడా చాలాసేపు బిగుసుకుపోతున్నా, కింద పడ్డాక నొప్పి మొదలైనా ఇంట్లో వ్యాయామాలతో కాలక్షేపం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. సూది వేయించుకున్న మూడు నాలుగు రోజులకి వాపు, ఎరుపు, జ్వరం వస్తే అదే రోజు వెళ్లాలి.

సంఘాలు ఏం చేయగలవు?

డాక్టరు గారు రెండు వారాలు బరువు పని మానమని చెప్తారు. చెప్పటం తేలిక. మానితే కూలి ఎవరిస్తారు? మా అక్క మర్నాడే కోతకి పోయింది తెలియక కాదు, గతిలేక. కాబట్టి తెలుసుకోవటంతో సరిపోదు, సంఘం ఆసరా కావాలి. నాలుగు ప్రతిపాదనలు మీ ముందు పెడుతున్నాను.

మొదటిది, సూది వేయించుకుని విశ్రాంతిలో ఉన్న సభ్యురాలికి ఆ నెల వాయిదా సర్దుబాటుకి పొదుపు నుంచి అంతర్గత అప్పు ఇవ్వాలి. మా సంఘం ఇలా తీర్మానం రాసుకుంది. వాయిదా భయం లేకపోతేనే కాలికి విశ్రాంతి.

రెండోది, ‘వైద్యం’ అని అప్పు అడిగినప్పుడు ఈ ఐదు ప్రశ్నలు ఆమెకి చెప్పి, తోడుగా ఒకరు ఆసుపత్రికి వెళ్లాలి. అప్పు ఆపటానికి కాదు, ఆమె డబ్బు, ఆమె కాలు రెండూ దక్కటానికి.

మూడోది, మెత్తటి చెప్పులు సంఘాలన్నీ కలిసి ఒకేసారి కొంటే ధర తగ్గుతుందేమో సమాఖ్య కనుక్కోవాలి.

నాలుగోది ఖర్చు లేనిది. ప్రతి సమావేశంలో సంతకాలు అయ్యాక ఐదు నిమిషాలు అందరం అరికాలు లాగే వ్యాయామం చేయాలి. మొదట్లో మా వాళ్లు నవ్వారు. ఇప్పుడు నేను మర్చిపోతే వాళ్లే గుర్తు చేస్తున్నారు.

పొదుపు మొదలుపెట్టిన రోజుల్లో తక్కువ మొత్తంతో ఏమవుతుందని అందరూ అన్నారు. మానకుండా వేశాం, అది ఎంతైందో ఇప్పుడే లెక్క విన్నాం. వ్యాయామం కూడా అంతే, రోజూ కొంచెం. రేపు పొద్దున్నే చాప మీద నుంచి లేవకముందు ఒక్కసారి మీ కాలి వేళ్లు వెనక్కి లాగి చూడండి. నొప్పి లేనివాళ్లు కూడా చేయండి, పోయేదేమీ లేదు. సమావేశం అయ్యాక ఆ చెట్టు కింద నేనూ మా వదినా ఉంటాం. మెట్టు వ్యాయామం ఎలాగో చూపిస్తాం, రండి.